కార్మెనేర్‌లో కాప్సికం వాసన: చిలీ వైన్ కొనేటప్పుడు ఏం చూడాలి?

డాలస్_దొర
నిన్న ఇంటికి స్నేహితులు వస్తున్నారని చిలీ కార్మెనేర్ అనే ఎర్ర వైన్ ఒక బాటిల్ తెచ్చాను. పదకొండు డాలర్లు. లేబుల్ మీద బంగారు అక్షరాల్లో ‘రిజర్వా’ అని ఉంది. గ్లాసులో పోయగానే పచ్చి కాప్సికం కోసినప్పుడు వచ్చే వాసన గుప్పుమంది. కూరగాయల సంచి టేబుల్ మీద ఎవరు పెట్టారని మా ఆవిడ వెతికింది కూడా. బాటిల్ పాడైందా, లేక చిలీ వైన్ అంటేనే ఇంతా? షాపువాడు వెనక్కి తీసుకుంటాడా? షెల్ఫ్ నిండా మైపో, కోల్చాగ్వా, మౌలే అని ఏవేవో పేర్లున్నాయి. వాటిలో ఏది చూసి కొనాలో కూడా ఎవరైనా చెప్పండి.

నాకేంతెలీదు
మీది నయం. నాకు ఒకసారి తడిసిన కుక్క వాసన వచ్చింది. మర్యాదకి గ్లాసు ఖాళీ చేశాను.

బెజవాడ_బాబాయ్
విస్కీలో ఈ గొడవలేవీ ఉండవు. ద్రాక్షపళ్లని దేవుడు తినడానికిచ్చాడు నాయనా.

అమలాపురం_అమ్మాయి
లండన్‌లో వైన్ షాపులో పనిచేస్తాను. ఈ ఫిర్యాదు మాకు మామూలే. దొర గారూ, మీ బాటిల్ పాడవలేదు. ఆ వాసన పైరజీన్లు అనే పదార్థాల వల్ల వస్తుంది. కాప్సికంలో ఉండేవీ అవే. కేబర్నే, మెర్లో, కార్మెనేర్ ఒక కుటుంబం ద్రాక్షలు, వీటన్నిటిలో పైరజీన్లు ఉంటాయి, కార్మెనేర్‌లో మరీ ఎక్కువ. కాయ పండేకొద్దీ, గుత్తికి ఎండ తగిలేకొద్దీ తగ్గిపోతాయి. మీకు అంత ఘాటుగా వచ్చిందంటే తొందరపడి కోసిన కాయ అన్నమాట. షాపువాడు వెనక్కి తీసుకోడు.

నాకేంతెలీదు గారికి వచ్చిన వాసన మాత్రం కార్క్ వల్ల పాడైన వైన్‌ది. అలాంటిది నిక్షేపంగా తిరిగిచ్చేయొచ్చు. తాగేయక్కర్లేదు.

నాకేంతెలీదు
ఈ మాట మూడేళ్ల కిందట చెప్పాల్సింది అక్కా.

శాంటియాగో_సుబ్బు
ఉద్యోగం కోసం చిలీకొచ్చి స్థిరపడ్డాను కాబట్టి ఈ కాప్సికం కథ నేను చెప్పాలి.

1851 ప్రాంతంలో సిల్వెస్త్రే ఓచాగావియా అనే ఆసామి ఫ్రాన్స్ నుంచి మేలురకం ద్రాక్ష కొమ్మలు తెప్పించి నాటించాడు. ఆయన్ని చూసి గనుల్లో డబ్బు చేసుకున్న శాంటియాగో కుటుంబాలు కూడా వరసపెట్టి ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రాంతపు రకాలు తెప్పించుకున్నాయి. మెర్లో అనుకుని తెచ్చిన కొమ్మల్లో కార్మెనేర్ కలిసిపోయింది. తర్వాత 1860ల నుంచి ఫ్రాన్స్ తోటల్ని ఫిలోక్సెరా అనే వేరుపురుగు తినేసింది. తోటలు మళ్లీ నాటుకున్నప్పుడు బోర్డో వాళ్లు కార్మెనేర్‌ని దాదాపు వదిలేశారు. అక్కడి చలికి పూత రాలిపోతుంది, కాయ సరిగా పండదు. అలా పుట్టినచోట మాయమైన ద్రాక్ష ఇక్కడ వేరే పేరుతో హాయిగా బతికింది.

1994 నవంబరు 24న ఫ్రెంచి ద్రాక్షరకాల నిపుణుడు జాన్ మిషెల్ బూర్సికో మైపో లోయలో కార్మెన్ అనే వైన్ కంపెనీ వాళ్ల తోట చూస్తూ, ఇది మెర్లో కాదు, కార్మెనేర్ అని తేల్చాడు. ప్రభుత్వం దాన్ని వేరే రకంగా గుర్తించేసరికి 1998 అయింది.

దొర గారి కాప్సికం సంగతి ఇక్కడే ఉంది. మెర్లో మార్చిలో కోతకొస్తే కార్మెనేర్ ఏప్రిల్ చివరిదాకా, ఒక్కోచోట మే దాకా పండుతూనే ఉంటుంది. అన్నీ మెర్లో అనుకుని ఒకేసారి కోసేస్తే సగం పండు, సగం పచ్చి. 90ల మొదట్లో ‘చిలీ మెర్లోకి ఒక ప్రత్యేకమైన రుచి ఉంది’ అని విదేశాల్లో మెచ్చుకున్నారు చూడండి, ఆ ప్రత్యేకత చాలావరకు ఈ పచ్చికాయే!

పందిరితోట
రైతు కళ్లకి అన్నేళ్లు కనపడలేదంటే నమ్మను. మా నాన్నకి రంగారెడ్డి జిల్లాలో అనాబ్-ఎ-షాహి తోట ఉండేది. పందిరి మీద వేరే రకం ఒక్క తీగ ఉన్నా ఆకు చూసి చెప్పేవాడు.

శాంటియాగో_సుబ్బు
పందిరితోట అన్నా, తేడా ఉందని వాళ్లకీ తెలుసు. దాన్ని ‘చిలీ మెర్లో’ అనేవాళ్లు. శరదృతువులో ఆకు ఎర్రబారుతుంది కదా, ఎంత దూరం నుంచైనా కనిపిస్తుంది. అసలు పేరు తెలియదంతే. అయినా మెర్లో అంటే కొనేవాళ్లున్నప్పుడు కొత్త పేరు ఎవరు పెట్టుకుంటారు? కార్మెన్ వాళ్లు కూడా మొదటి బాటిల్‌ని ‘గ్రాండ్ విడ్యూర్’ అనే పాత పేరుతోనే అమ్మారు.

మాల్బెక్_మామ
ఎందుకొచ్చిన తిప్పలు దొరా. ఆండీస్ దాటి అటువైపుకి రా. అర్జెంటీనాలో మెండోసా, అక్కడి మాల్బెక్ ద్రాక్ష ఎర్ర వైన్. అదే పదకొండు డాలర్లకి మెత్తగా, నిండుగా ఉంటుంది, కాప్సికం గోల లేదు. అక్కడి ఊకో లోయలో తోటలు వెయ్యి మీటర్ల ఎత్తు పైనే. పగలు ఎండ, రాత్రి చలి, వాన లేదు. చిలీ వాళ్లు చవక సరుకు దగ్గరే ఆగిపోయారు.

నాకేంతెలీదు
పొరుగింటి పుల్లకూర రుచి.

శాంటియాగో_సుబ్బు
మామా, ఆ వడగళ్ల సంగతి కూడా చెప్పు. మెండోసాలో ఒక్క పది నిమిషాలు వడగళ్లు పడితే ఏడాది పంట పోతుందని తోటల మీద వలలు కప్పుకుంటారు. మాకు ఆ బెడద చాలా తక్కువ.

ఇక చవక సరుకు అన్నారు కాబట్టి బెర్లిన్ సంగతి వినండి. 2004 జనవరిలో ఎదువార్దో చాడ్విక్ అనే చిలీ ఉత్పత్తిదారు తన వైన్లని బోర్డో, ఇటలీ ఉద్దండుల పక్కన పెట్టి, పేర్లు కప్పేసి, యూరప్ నిపుణులతో రుచి చూపించాడు. ఆయన విన్యేదో చాడ్విక్ 2000 పంట మొదటిది, సేన్యా 2001 రెండోది, బోర్డో వాళ్ల షాటో లఫీట్ 2000 మూడోది. తాతలు నేతులు తాగారు మా మూతులు వాసన చూడండి అన్నవాళ్ల నోళ్లు కాసేపు పడిపోయాయి. విన్యేదో చాడ్విక్ పండే నేల ఒకప్పుడు వాళ్ల నాన్నగారి పోలో మైదానం, 1992లో దున్ని ద్రాక్ష వేశారు. దోన్ మెల్చోర్, అల్మవీవా అనే పేరున్న వైన్లు పండేది కూడా ఆ పక్కనే, పువెంతె ఆల్తోలో.

మాల్బెక్_మామ
పోటీ పెట్టినవాడే గెలిచాడంటున్నావు. బాగుంది.

అమలాపురం_అమ్మాయి
మామ గారి అనుమానంలో న్యాయముంది, కానీ పేర్లు కప్పేశాక పెట్టినవాడి చేతిలో ఏముంటుంది? కోల్చాగ్వాలోని అపాల్తా నుంచి వచ్చే క్లో అపాల్తా 2005 పంటని 2008లో, దోన్ మెల్చోర్ 2021 పంటని 2024లో ‘వైన్ స్పెక్టేటర్’ పత్రిక ఆ ఏటి మొదటి వైన్‌గా ఎంచింది. ఆ పోటీలు చాడ్విక్ పెట్టినవి కావు.

కానీ సుబ్బు గారూ, దొర గారు అడిగింది వందల డాలర్ల బాటిళ్ల గురించి కాదు. పదకొండు డాలర్లలో ఏది కొనాలని. దానికి జవాబు ఎవరూ చెప్పలేదు.

డాలస్_దొర
అమ్మయ్య, ఒకరికి నా ప్రశ్న గుర్తుంది.

అమలాపురం_అమ్మాయి
మ్యాప్ తెరవండి. చిలీ 4,300 కిలోమీటర్ల పొడవు, సగటున 180 కిలోమీటర్లైనా లేని వెడల్పు. అందరూ ఉత్తరం వేడి, దక్షిణం చలి అనుకుంటారు. కొంతవరకే నిజం. అసలు తేడా పడమర నుంచి తూర్పుకి ఉంటుంది. పడమర పసిఫిక్, అందులో అంటార్కిటికా వైపు నుంచి వచ్చే హంబోల్ట్ చల్లటి ప్రవాహం. తీరం దగ్గర పొద్దున పదకొండు దాకా మంచు కమ్ముకునే ఉంటుంది. మధ్యలో తీరపు కొండలు దాటాక వేడి మైదానం. తూర్పున ఆండీస్ వాలు, రాత్రి కాగానే కొండగాలి దిగుతుంది. అందుకే లేబుల్ మీద లోయ పేరుతో పాటు ‘కోస్తా’, ‘ఎంత్రే కోర్దియేరాస్’, ‘ఆండెస్’ అని రాసుకునే పద్ధతి పెట్టారు, అంటే తీరం, నడిమి మైదానం, కొండవాలు. లోయ పేరు ఒక్కటీ చూసి కొంటే, కోల్చాగ్వా అన్న పేరు మీద సముద్రం పక్కన పండిన సావిన్యాన్ బ్లాంక్ అనే తెల్ల వైన్ రావచ్చు, అపాల్తా వేడిలో పండిన సిరా అనే ఎర్ర వైన్ రావచ్చు.

మీ పదకొండు డాలర్లకి నేనైతే తీరపు తెల్ల వైన్ కొంటాను. కాసాబ్లాంకా, లేయిదా లోయలవి. లిమారీ లోయ షార్డొనే, అదీ తెల్లదే, దొరికితే అసలు వదలను, అక్కడి సున్నపు నేల వల్ల ఉప్పుగాలి తగిలినట్టు ఉంటుంది. కాసాబ్లాంకాలో 1982లో పాబ్లో మొరాందే ద్రాక్ష వేసినప్పుడు అది పశువులు మేసే చోటు. ఇప్పుడు శాంటియాగో నుంచి సముద్రానికెళ్లే దారి పొడుగునా తోటలే.

కార్మెనేరే కావాలంటే లేబుల్ మీద పెయుమో ఉందా చూడండి. కాచాపోఆల్ లోయలో వెచ్చటి చోటు, బంకమట్టి నేల నీటిని పట్టి ఉంచుతుంది. చెట్టు ఎండిపోకుండా మే దాకా కాయని మోస్తుంది. కాస్త ఎక్కువ పెట్టాలి మరి.

శాంటియాగో_సుబ్బు
మ్యాప్ విషయంలో అభ్యంతరం లేదు గానీ, పదకొండు డాలర్ల దగ్గర మ్యాప్ కన్నా కంపెనీ ముఖ్యం అంటాను. ఆ ధరలో చాలా బాటిళ్ల మీద ‘సెంట్రల్ వ్యాలీ’ అని ఉంటుంది. మైపో నుంచి మౌలే దాకా ఎక్కడి కాయైనా అందులో కలపొచ్చు. ‘రిజర్వా’ చూసి మోసపోకండి. స్పెయిన్ రియోహాలో ఆ మాట వాడాలంటే మూడేళ్లు నిల్వ ఉంచాలి, ఇక్కడ నియమం చాలా వదులు.

అమలాపురం_అమ్మాయి
కంపెనీ చూడమంటే దొర గారు మళ్లీ సూపర్‌మార్కెట్‌లో ఎదురుగా పేర్చిన దాన్నే తెచ్చుకుంటారు.

శాంటియాగో_సుబ్బు
ఎదురుగా పేర్చిందీ ఊరికే పేర్చరు కదా. కాసియేరో దెల్ దియాబ్లో ప్రపంచమంతా అమ్ముడుపోవడానికి ప్రచారం ఒక్కటే కారణం కాదు, ఏ ఏడాది కొన్నా ఒకే రుచి ఉంటుంది. ఆ పేరుకి దయ్యం నేలమాళిగ అని అర్థం, దాని వెనక కథ సరదాగా ఉంటుంది. దోన్ మెల్చోర్ కోంచా ఇ తోరో, 1883లో కంపెనీ పెట్టినాయన, నేలమాళిగలో మంచి బాటిళ్లు దొంగలెత్తుకుపోతుంటే లోపల దయ్యం ఉందని పుకారు పుట్టించాడట.

బెజవాడ_బాబాయ్
మా ఇంట్లో ఫ్రిజ్ మీద కూడా ఇలాంటి పుకారు ఒకటి పుట్టించాలి.

పందిరితోట
సుబ్బు గారూ, ఒక అనుమానం. ఫిలోక్సెరా ప్రపంచమంతా తిరిగింది, చిలీకి రాలేదంటారు. అంటే పురుగుని తట్టుకునే వేరుమొక్క మీద అంట్లు కట్టకుండా సొంత వేరు మీదే పెంచుతున్నారా? మహారాష్ట్రలో ఉప్పునీటికి, కరువుకి తట్టుకోవాలని డాగ్‌రిడ్జ్ వేరుమొక్క మీద అంటు కడతారు.

శాంటియాగో_సుబ్బు
చాలావరకు సొంత వేరే. తూర్పున ఆండీస్, ఉత్తరాన అటకామా ఎడారి, పడమర సముద్రం, దక్షిణాన మంచు. పురుగు రావడానికి దారి లేదు. ఈమధ్య నేలలోని నులిపురుగుల కోసం, కరువు కోసం అంట్లు కట్టేవాళ్లు పెరిగారనుకోండి. కాపలా మాత్రం మామూలుగా ఉండదు. మా అమ్మ మొదటిసారి వచ్చినప్పుడు చీర మడతల మధ్య కరివేపాకు పెట్టుకొచ్చింది. ఎయిర్‌పోర్టులో కుక్క వచ్చి సూట్‌కేసు పక్కన బుద్ధిగా కూర్చుంది. కరివేపాకు, పచ్చి పసుపు కొమ్ములు తీసేసుకున్నారు. ఆవకాయ సీసా మూత తీసి వాసన చూసినాయనకి ఒక్కసారి కళ్లలో నీళ్లు తిరిగాయి, అది మాత్రం వదిలేశాడు. అమ్మ ఇప్పటికీ ఆ కుక్కని తిడుతుంది.

నాకేంతెలీదు
ఆవకాయకి ఏ పురుగూ పట్టదని ఆయనకి అర్థమైంది.

పందిరితోట
నీళ్లో? వాన చాలదంటున్నారుగా.

శాంటియాగో_సుబ్బు
అసలు బాధ అదే అన్నా. వానంతా చలికాలంలోనే. ఎండాకాలం ఆండీస్ మంచు కరిగి కాలవల్లో వస్తేనే తోట. 2010 నుంచి ఏళ్ల తరబడి కరువు. కాసాబ్లాంకా పరిస్థితి ఇంకా ఇబ్బంది, ఆండీస్ నుంచి దిగే నది దానికి లేదు, బోర్లే దిక్కు. పైగా 1981 చట్టంతో నీటిహక్కు భూమి నుంచి విడిపోయి కొనుక్కునే, అమ్ముకునే ఆస్తి అయింది. పొలం నీదే, పక్కన పారే నీళ్లు ఇంకొకడివి కావచ్చు.

పందిరితోట
మా తోట ఎండిపోయి లేఅవుట్ అయింది. అక్కడ కనీసం కరువుతో పోరాడుతున్నారు.

బ్యాగు_భార్గవి
మీరంతా శాంటియాగో చుట్టూనే తిరుగుతున్నారు. దక్షిణాన ఇతాతా లోయ గురించి ఒక్కరూ రాయలేదేం? కోత సమయంలో ఒక రైతు కుటుంబం దగ్గర ఉన్నాను. గుట్టల మీద తోటలు, పందిరి లేదు, తీగ కట్టడం లేదు, డ్రిప్ లేదు. పొదల్లా నేలకి ఆనుకుని మోకాలెత్తు మొద్దులు, వాన నీళ్లే ఆధారం. పయీస్ అనే ద్రాక్ష. పదహారో శతాబ్దంలో స్పెయిన్ వాళ్లు తెచ్చారు. కాలిఫోర్నియాలో ‘మిషన్’ అనేదీ ఇదే.

పెద్ద చెక్క తొట్టె మీద కోలిగ్వె కర్రలు, అంటే అక్కడి వెదురు, వరసగా కట్టిన చాప పరుస్తారు. దాని మీద గుత్తులు పోసి రెండు అరచేతులతో ముందుకీ వెనక్కీ రుద్దుతారు. కాయలు సందుల్లోంచి కిందకి రాలతాయి, కాడలు పైన మిగులుతాయి. నేనూ రుద్దాను, గంటకి వేళ్లన్నీ ఊదారంగు, కందిరీగలు చుట్టూ ముసిరాయి. ఆ ఇంటి పెద్దావిడ ఒక్క కందిరీగనీ తోలకుండా మాట్లాడుతూనే రుద్దుతోంది. ఆ వైన్ పేరు పిపేన్యో. పలచగా, పుల్లగా, కాస్త మడ్డిగా ఉంటుంది. గ్లాసు అక్కర్లేదు, గిన్నెలో ఇచ్చినా తాగేస్తాం.

మౌలేలో అయితే అడవి పయీస్ చెట్ల మీదకి ఎగబాకి ఉంటుంది, నిచ్చెనలేసుకుని కోస్తారు. బుషోన్ కంపెనీ వాళ్లు దాన్ని ‘పయీస్ సాల్వాహే’ పేరుతో అమ్ముతారు. దొర గారూ, దొరికితే ఇది కొనండి. కాప్సికం ఉండదని హామీ.

మాల్బెక్_మామ
ఇది మాత్రం నాకు నచ్చింది. మెండోసాలో ఇదే ద్రాక్షని క్రియోయా చీకా అంటారు.

అమలాపురం_అమ్మాయి
భార్గవి, అదే చుట్టుపక్కల సాన్సో ద్రాక్ష, మౌలేలో ముసలి కారిన్యాన్ తీగల గురించి కూడా చెప్పాల్సింది. 1939 చియాన్ భూకంపం తర్వాత దక్షిణాది రైతులు నిలదొక్కుకోవాలని కారిన్యాన్ నాటించారు. పయీస్‌కి రంగు తక్కువ, అందులో కలపడానికి. దశాబ్దాలు ఎవరూ పట్టించుకోలేదు. ఇప్పుడు ‘విగ్నో’ అనే పేరు కింద ఉత్పత్తిదారులంతా కలిసి అమ్ముతున్నారు. నీళ్లు కట్టని, కనీసం ముప్పై ఏళ్లు దాటిన తోటల కాయ అయితేనే ఆ పేరు.

శాంటియాగో_సుబ్బు
అందంగా చెప్పారు గానీ, ఆ పెద్దావిడకి కిలోకి ఏం గిడుతుందో కూడా అడగాల్సింది భార్గవి గారూ. పయీస్‌కి పెద్ద కొనుగోలుదార్లు ఇచ్చే ధర కోతకూలికే సరిపోదని రైతులు ఎప్పుడూ మొత్తుకుంటూనే ఉంటారు. చాలామంది తోట పీకేసి యూకలిప్టస్, పైన్ వేశారు. గోరుచుట్టుపై రోకటిపోటులా 2017లో, మళ్లీ 2023లో కార్చిచ్చు. ఆ పైన్ చెట్లే నిప్పుని తోటల దాకా మోసుకొచ్చాయి. నూరేళ్లు దాటిన మొద్దులు కాలిపోయాయి.

బ్యాగు_భార్గవి
అడిగాను సుబ్బు గారూ. ఆమె నవ్వి, కాయ అమ్మడం మానేశాం, బాటిల్లో పోసి అమ్ముతున్నాం అంది. కొడుకు శాంటియాగో రెస్టారెంట్లకి వ్యాన్లో తీసుకెళ్తాడు. అందరికీ ఆ వీలు ఉండదని నాకూ తెలుసు.

పందిరితోట
ఆ కొడుకు ఉన్నాడు కాబట్టి తోట ఉంది.

బెజవాడ_బాబాయ్
పిపేన్యో విస్కీ కన్నా చవకా?

శాంటియాగో_సుబ్బు
బాబాయ్ గారూ, మీకు ‘తెర్రెమోతో’ సరిగ్గా సరిపోతుంది. పెద్ద గ్లాసులో పిపేన్యో, పైన పైనాపిల్ ఐస్‌క్రీమ్, చివర కాస్త దానిమ్మ సిరప్. సెప్టెంబరు జాతీయ పండుగల్లో వీధివీధినా ఇదే. పేరుకి భూకంపం అని అర్థం. తియ్యగా దిగిపోతుంది, లేచి నిలబడ్డాక తెలుస్తుంది. నిజం భూకంపం జోకు కాదనుకోండి. 2010 ఫిబ్రవరి 27న 8.8 తీవ్రతతో వచ్చినప్పుడు ట్యాంకులు పగిలి పన్నెండున్నర కోట్ల లీటర్ల వైన్ నేలపాలైంది. కోత మొదలయ్యే ముందు.

బెజవాడ_బాబాయ్
ఐస్‌క్రీమ్‌తో మందా? మీ అందరికీ దండం.

కూకట్‌పల్లి_కుర్రోడు
మీరంతా డాలర్లలో మాట్లాడుకుంటున్నారు. ఇక్కడ చిలీ యాపిల్, కివి బండి మీద దొరుకుతాయి గానీ వైన్ ముట్టుకుంటే షాకే. దొర గారి బాటిల్‌కి మూడు రెట్లు అవుతుంది.

అమలాపురం_అమ్మాయి
దిగుమతి సుంకమే 150 శాతం, దాని మీద రాష్ట్రం పన్నులు. ఆ ధరకి చవక కార్మెనేర్ కొనడం దండగ. కొంటే తీరపు సావిన్యాన్ బ్లాంక్ కొనండి. పద్నాలుగు శాతం ఆల్కహాల్ ఉన్న ఎర్ర వైన్ మన కారంతో కలిస్తే నోరు ఇంకా మండుతుంది. చల్లటి తెల్లది చేపల పులుసు పక్కన బాగా కుదురుతుంది, నేను చాలాసార్లు చూశాను.

శాంటియాగో_సుబ్బు
చేపల పులుసుకి ఓకే. కానీ ఎర్రది పూర్తిగా కొట్టేయకండి. ఇక్కడ మొక్కజొన్న రుబ్బి, కింద మాంసం కూర పెట్టి, మట్టి మూకుడులో కాలుస్తారు, పస్తెల్ దె చోక్లో. దానికి కార్మెనేర్‌ని మించింది లేదు. ఆ కాస్త పచ్చివాసనే అక్కడ కలిసొస్తుంది. మన గుత్తివంకాయకీ బాగుంటుంది, కారం సగం తగ్గించి వండితే.

నాకేంతెలీదు
కారం సగం తగ్గించిన గుత్తివంకాయ. మోడరేటర్ గారూ, ఈ పోస్టు తీసేయండి.

డాలస్_దొర
మిగిలిన సగం బాటిల్ మా ఆవిడ మటన్ కూరలో పోసేసింది, బాగానే ఉంది. రేపు లేయిదా సావిన్యాన్ ఒకటి, ఆ చెట్లెక్కే పయీస్ దొరికితే అదొకటి తెస్తాను. భార్గవి గారూ, అది కూడా చల్లబరచాలా?

బ్యాగు_భార్గవి
కాస్త. ఫ్రిజ్‌లో అరగంట చాలు.

మాల్బెక్_మామ
పిస్కో గురించి ఎవరూ ఎత్తలేదు. అది పెరూ వాళ్లదని ఒప్పుకున్నట్టేనా సుబ్బు?

శాంటియాగో_సుబ్బు
మామా, ఎల్కీ లోయలో మస్కట్ తోటల మధ్య నిలబడి ఆ మాట అను చూద్దాం. అయినా అది వైన్ కాదు, వైన్‌ని కాచి తీసేది. వేరే టాపిక్ తెరువు, అక్కడ తేల్చుకుందాం.

బెజవాడ_బాబాయ్
కాచి తీసేదా? లింకు ఇక్కడే పెట్టండి.